వాకిట్లో పులులు

షుఫెన్ కొండెక్కి మఠానికి తిరిగొచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. వాకిట్లో చీపురు అడ్డం వస్తే కాలితో తన్నింది. కుట్టుగదిలోకి వెళ్ళి, సగంలో ఉన్న పసిపిల్లల టోపీ ఒళ్ళోకి లాక్కుని ఒక్క పోటు పొడిచింది. సూది విరిగింది.

కిటికీ పక్కన దారాల చిక్కు తీసుకుంటున్న గురువమ్మ మియావోయిన్ తలెత్తలేదు.

"చూశావా పిల్లాణ్ణి?" అంది.

"చూడనిస్తేగా. మొహం మీదే తలుపేశారు."

చైనావాళ్ళ లెక్కలో ఏడాదికో జంతువు. ఎలుక, ఎద్దు, పులి అంటూ పన్నెండూ తిరిగి మళ్ళీ మొదటికొస్తాయి. షుఫెన్ ఖర్మ కాలి పులి ఏట పుట్టింది. పులి ఏట పుట్టిన ఆడది పురిటిగదిలో అడుగు పెట్టకూడదని, పసిబిడ్డ మీద దాని కన్ను పడితే బిడ్డ దక్కడని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఓ పాడు నమ్మకం. ఏ ఏట పుట్టాలో ఎవరైనా ఎంచుకుని పుడతారా? ఆ మాట అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఎవరింట్లో పురుడైనా షుఫెన్‌ని వీధి చివరే ఆపేసేవాళ్ళు. పెళ్ళి సంబంధం అంటే ఆమడ దూరం పరిగెత్తేవాళ్ళు. విసిగిపోయి గుండు చేయించుకుని ఈ మఠంలో చేరింది.

ఇక్కడ ఆమెకి పడ్డ పనేమిటంటారా? పసిపిల్లలకి పులి టోపీలూ పులి జోళ్ళూ కుట్టడం. పులి ముఖం చూస్తే దయ్యాలు పారిపోతాయని, పిల్లలకి అవి తొడగనిదే కింద ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టదు. మియావోయిన్ తర్వాత అంత బాగా కుట్టేది షుఫెనే.

ఇప్పుడు పురుడు పోసుకున్నది పరాయివాళ్ళు కాదు, చెల్లెలు యూలాన్. పుట్టిన రోజే తల్లి పోతే, ఆ పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని పెంచింది షుఫెనే.

"జ్వరంతో ఉందట గురువమ్మా. అక్కా అక్కా అని కలవరిస్తోందట. పరిగెత్తుకుంటూ వెళితే ఆ అత్తగారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పిల్లాడు మేక ఏట పుట్టాడు, పులిని లోపలికి ఎలా రానిస్తాననుకున్నావంది. నేను తీసుకెళ్ళిన జోళ్ళు మాత్రం చేతిలోంచి లాక్కుంది. మీసాలు తిన్నగా ఉన్నాయా లేదా అని చూసుకుని మరీ లాక్కుంది. టోపీ ఎప్పుడిస్తావంది. పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడట, కోరలు పెద్దవి పెట్టాలట."

"పెట్టావా?"

"ఏమిటి?"

"కోరలు."

షుఫెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. గురువు ఎదురుగా ఉందన్న ఇంగితం కూడా లేకుండా టోపీని నేలకేసి కొట్టింది.

"నేను కుట్టిన పులి కావాలి, నేను మాత్రం అక్కర్లేదు. దీనికి కళ్ళు కుట్టను. గుడ్డిపులిని నెత్తిన పెట్టుకుని ఊరేగమనండి."

మియావోయిన్ వంగి టోపీ తీసింది. దుమ్ము దులిపింది. ఇంకో సూదికి నల్లదారం ఎక్కించి శిష్యురాలి చేతికిచ్చింది.

"కళ్ళు పెద్దవి కుట్టు. అయ్యాక ఇద్దరం వెళ్ళి ఇచ్చేసి వద్దాం."

"నేను ఆ గుమ్మం తొక్కను."

"నువ్వు రాకపోతే టోపీ ఎవరు మోస్తారు? నాకసలే మోకాళ్ళ నొప్పులు."

పిడికెడు బరువు లేని టోపీ. షుఫెన్ పళ్ళు కొరుక్కుంటూ కుట్టింది. కోపమంతా సూది మొనకి చేరిందో ఏమో, కళ్ళు అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. నుదుటి మీద 'రాజు' అని అర్థమిచ్చే చైనా అక్షరాన్ని ఎర్రదారంతో కుట్టి, దారం పంటితో తెంపింది.

కొండ దిగుతున్నంతసేపూ ఆ ముసలిదాన్ని ఏమేం అనాలో నోట్లోనే నూరుకుంది. నీ మనవడి నెత్తిన ఉన్నది ఏమిటో ఓసారి చూసుకో అని మొదలుపెట్టాలి. తర్వాత అనాల్సినవి చాలానే ఉన్నాయి, సన్యాసిని నోట రాకూడనివి కూడా.

అత్తగారు తలుపు తీసింది. మియావోయిన్‌ని చూసి చేతులు జోడించింది. వెనకాల షుఫెన్‌ని చూడగానే ఆవిడ ముఖం మాడిపోయింది.

"మీరు దయచేయండి అమ్మగారూ. అది మాత్రం అక్కడే ఉండాలి. మరోలా అనుకోకండి."

"ఎందుకమ్మా?"

"పులి కదండీ."

"అవును కదూ," అని మియావోయిన్ ఒక్కతే లోపలికి వెళ్ళిపోయింది.

షుఫెన్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఒక్క మాటైనా అనలేదు గురువమ్మ. ఇంత దూరం తీసుకొచ్చింది వీధిలో నిలబెట్టడానికా? ఒళ్ళు భగ్గుమంది. లోపల్నించి యూలాన్ గొంతు నీరసంగా వినిపించింది. "అక్క రాలేదా?"

కాసేపటికి మియావోయిన్ బయటికొచ్చింది. చేతిలో పసివాడి పులి జోళ్ళు ఉన్నాయి. వాటిని మెట్టు మీద, షుఫెన్ పాదాల పక్కన పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళి పులి దిండు తెచ్చింది. ఇంకోసారి వెళ్ళి ఉయ్యాలకి కట్టిన గుడ్డపులిని విప్పి తెచ్చింది. ఆఖరికి షుఫెన్ చేతిలోని కొత్త టోపీ తీసుకుని వరసలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని పక్కనే కూర్చుంది.

అత్తగారు పరుగున వచ్చింది.

"ఇదేమిటండీ, అన్నీ బయట పడేస్తున్నారు?"

"పులులు కదమ్మా. లోపల మేకపిల్ల ఉంది."

"అయ్యయ్యో, అవి బిడ్డకి కాపలా అండీ. అవి లేకపోతే వాడికి దిక్కెవరు?"

లోపల పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. అత్తగారు వంగి టోపీ అందుకోబోయింది. పెద్ద పెద్ద నల్లకళ్ళు ఆవిడ వంకే చూస్తున్నాయి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి షుఫెన్ ముఖం చూసింది, మళ్ళీ టోపీ చూసింది.

"కోడలికి ముందు కాన్పులో పిల్ల దక్కలేదమ్మా," అంది, ఎవరితోనో తెలియకుండా. "వారం తిరక్కుండానే పోయింది. ఈసారి ఎవర్ని చూసినా భయమే నాకు."

షుఫెన్ కొండ పొడుగునా నూరిన తిట్లన్నీ నోట్లోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

అత్తగారు గుమ్మంలోంచి పక్కకి జరిగింది. నేల చూపులు చూస్తూ, "అన్నీ లోపలికి తీసుకురా," అంది.

ఈ మాట కోసమే కదా ఇన్నేళ్ళూ మండిపడింది. తీరా వినేసరికి షుఫెన్ కాలు కదల్లేదు. గడప అవతల చీకటి గది, మందుల వాసన, పసివాడి ఏడుపు. ఇలాంటి గదినే ఆమె చిన్నప్పుడు చూసింది.

"గురువమ్మా," అంది. "యూలాన్ పుట్టినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. అమ్మ నన్ను చూస్తూనే పోయింది. ఈ పులే మింగేసిందని మా మేనత్త అంది. నిజమైతే?"

మియావోయిన్ లేచింది. జోళ్ళు తీసి షుఫెన్ చేతుల్లో పెట్టింది. దిండు పెట్టింది. గుడ్డపులిని పెట్టింది. అన్నిటికన్నా పైన టోపీ పెట్టింది. ఇన్నేళ్ళలో శిష్యురాలు ఒక్కసారి కూడా వినని కోపం ఆవిడ గొంతులో వినబడింది.

"కాపలాకొచ్చినదానివి, వాకిట్లో నిలబడి ఏం కాస్తావే? లోపలికి నడు."

షుఫెన్ గడప దాటింది.