ఊరి అద్దానికి బూడిద పూసిన కాసులమ్మ

ఒకప్పుడు బూడిద గుమ్మడికాయ మీద బూడిద ఉండేది కాదు. చిటికెడు కూడా లేదు. మరి ఎలా ఉండేదంటారా? అద్దంలా ఉండేది. ఆకుపచ్చటి అద్దం. దాని ముందు నిలబడి నోరు తెరిస్తే పంటి సందులో ఇరుక్కున్న తోటకూర ఈనె కూడా కనబడేది.

ఆ రోజుల్లో తూర్పు కొండల మీద ఒక చిన్న ఊరుండేది. అక్కడి చలి మామూలు చలి కాదు. పుష్యమాసం వచ్చిందంటే పొద్దున్నే కుండలో నీళ్ళ మీద గాజుపొర తేలేది. కోడిపుంజు కూయడానికి నోరు తెరిచేది. చలిగాలి గొంతులోకి పోగానే, "తెల్లారితే తెల్లారింది, నాకేం?" అనుకుని మళ్ళీ రెక్కలో తల దూర్చేది.

ఆ ఊళ్ళో కాసులమ్మ ఉండేది. ఆమెవి కష్టం చేసే చేతులు. నోరు మాత్రం పచ్చిమిరపకాయ. ఇంటి వెనక ఆమెకో పెరడు.

తొలకరి పడగానే కాసులమ్మ గింజ పెట్టేది. శ్రావణంలో పందిరి వేసేది. కార్తీకంలో ముల్లంగికి మట్టి ఎగదోసేది. చలి ముదిరాక ఊరంతా నెగళ్ళ చుట్టూ మూగి, కందికాయలు కాల్చుకు తింటూ, "ఈ చలిలో పెరట్లో పనేముంటుంది?" అనేవాళ్ళు. పనేముంటుందో చూడాలంటే ముందు లేచి నిలబడాలి కదా! అదే వాళ్ళకి చేతకానిది.

కాసులమ్మ మాత్రం పొయ్యిలో బూడిద తట్టకెత్తుకుని, ఎండ రాకముందే పెరట్లోకి నడిచేది. ఆకుల మీద తడి ఉండగానే చల్లేది. తడి మీద చల్లితే బూడిద అంటుకుంటుంది. ఎండెక్కాక చల్లితే గాలికి పోతుంది. బూడిద అంటుకున్న ఆకుని పురుగు ముట్టదు, మంచు కొరకదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి ఊళ్ళో ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. ఎక్కకపోగా ఆమెకి "బూడిద కాసులమ్మ" అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళు.

కాసులమ్మకి కాల్చిన కందికాయలు ఇష్టం లేక కాదు. పని అయ్యాక తినేది. అందుకే అవి ఆమెకే ఎక్కువ రుచిగా ఉండేవి.

ఒక ఏడు, కాసులమ్మ ఇంకా బూడిద చల్లకముందే మంచు వచ్చి ఊళ్ళో గుమ్మడిపాదులన్నిటినీ ఉడికించిన ఆకుకూరలా చేసి పోయింది. పోనీ, దాచిన గింజలున్నాయి కదా అంటారా? ఊరిజనం వాటిని ఎక్కడ దాచారో తెలుసా? ఇత్తడి చెంబుల్లో! మెరుస్తాయని, చూడ్డానికి బాగుంటాయని. చెంబుల్లో చెమ్మ చేరి గింజలన్నీ బూజు పట్టాయి.

కాసులమ్మ ఎండిన సొరబుర్రలో బూడిద నింపి, అందులో తన గింజలు దాచింది. వాటికి బూజు పట్టలేదు గానీ, ఎలక ఒకటి బుర్ర కొరికి దూరింది. అది తినగా ఒక్కటంటే ఒక్క గింజ మిగిలింది.

ఊరు మొత్తానికి అదొక్కటే. అది మొలిచి, కాయ కాసి, ఆ కాయ ముదిరి, కడుపులో గింజ గట్టిపడితేనే ఆ కొండ మీద మళ్ళీ గుమ్మడి ఉంటుంది. లేకపోతే గుమ్మడి అనే మాట మిగులుతుంది. మాటని కూర వండుకోలేం కదా.

గింజ మొలిచింది. పాదు పందిరెక్కింది. పువ్వులన్నీ రాలిపోయి ఒక్క పిందె నిలిచింది. అది రోజురోజుకీ పెరిగి నిగనిగలాడింది.

అప్పుడు వచ్చారండీ జనం! విత్తిన రోజున ఒక్కరూ రాలేదు. పందిరి గుంజ పట్టుకోమంటే అందరికీ నడుం నొప్పులే. మెరుపు కనబడగానే మాత్రం వరస కట్టారు. పక్కింటి ముత్తెమ్మ బొట్టు దిద్దుకోడానికి వచ్చింది. ఆ తర్వాత ఊరిపెద్ద చిట్టందొర వచ్చాడు. ఆయన తల మీద వెంట్రుక ఒక్కటి లేదు. ఆ లోటంతా మీసంలో తీర్చుకున్నాడు. రోజూ వలిసె నూనె తెచ్చుకుని, గుమ్మడికాయ ముందు నిలబడి, ముందు మీసానికి, మిగిలింది బోడిగుండుకి రాసుకునేవాడు.

"ఆహా, ఏం కాయ! ఏం కాయ!" అనేవాడు, తన మీసం చూసుకుంటూ.

గుమ్మడికాయకి అది తన గురించే అనిపించింది. ఇక దాని పొగరు చూడాలి.

"కాసులమ్మా, కొంచెం పక్కకి జరుగు. నీ నీడ నా మీద పడుతోంది," అంది ఒకరోజు.

"నా నీడ పడకూడదు గానీ, నేను పోసిన నీళ్ళు మాత్రం పడొచ్చా?" అంది కాసులమ్మ.

పుష్యమాసం దగ్గర పడింది. కాసులమ్మ బూడిద తట్ట ఎత్తుకుని పందిరి కిందికి వచ్చింది. గుమ్మడికాయ కెవ్వుమంది. ఊరంతా పరుగెత్తుకొచ్చింది.

"ఏటే కాసులమ్మా! ఊరి అద్దానికి బూడిద పూస్తావా?" అని చిట్టందొర మీసం దువ్వాడు.

"అది అద్దం కాదు దొరా, కాయ. మీ మొహాలు చూపించడం దాని పని కాదు. గింజ కట్టడం దాని పని. ఇంకో నెల బతికితేనే ముదురుతుంది. ఈలోగా మంచు వస్తుంది."

"బూడిద పూస్తే మా మొహాలు ఎక్కడ చూసుకోవాలి?" అంది ముత్తెమ్మ.

"చూసుకోకపోతే ఏం పోయిందొదినా? పూటకోరకంగా మారే మొహాలా మనవి?"

చిట్టందొరకి కోపం వచ్చింది. "వాదన వద్దు. బూడిద వద్దన్నవాళ్ళు చేతులెత్తండి!" అన్నాడు.

నెగడు మీంచి చెయ్యి తీయాలంటేనే ప్రాణం పోయినట్టుండే జనం, ఆ రోజు తలా రెండు చేతులెత్తారు.

కాసులమ్మ ఆ చేతులన్నిటినీ ఒకసారి చూసింది. "చేతులు చాలానే ఉన్నాయి. వీటిలో ఒక్కటైనా ఈ పాదుకి చెంబెడు నీళ్ళు పోసిందా?"

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"అది వేరే సంగతి," అన్నాడు చిట్టందొర.

జవాబు లేనివాళ్ళందరికీ ఆ మాట భలే నోటికొస్తుంది.

గుమ్మడికాయ పైనుంచి మూతి తిప్పింది. "ఛీ! పొయ్యిలోంచి తీసి పారబోసేది నా ఒంటికా? నువ్వే పూసుకో. నీకు అలవాటేగా!"

జనం పగలబడి నవ్వారు. బలవంతంగా పూస్తే ఊగి ఊగి దులిపేసుకునే రకం అది. ఆ సంగతి కాసులమ్మకి తెలుసు. చిక్కుడుకీ ముల్లంగికీ బూడిద చల్లింది. మిగిలిన తట్ట గుమ్మడి కింద దింపింది.

"ఇదిగో, ఇది ఇక్కడే ఉంటుంది. బుద్ధి వచ్చినప్పుడు పిలువు. మరీ ఆలస్యంగా వస్తే పిలవడానికి నువ్వుండవు. అదొక్కటే చిక్కు."

అంది గానీ, ఇంటికెళ్ళాక కాసులమ్మ అంబలి ముట్టకుండా పెరటి గడప మీద కూర్చుని పందిరి వైపే చూసింది. ఒక్క గింజ. ఒక్క కాయ. మనుషులతో ఎంతసేపైనా వాదిస్తుంది. మంచుతో ఏమని వాదిస్తుంది?

మూడో రోజు పొద్దున్నే మంచు వచ్చింది. తెల్లటి కండువా వేసుకుని, అడుగుల చప్పుడు లేకుండా వచ్చింది. మంచుకి ఒకటే పిచ్చి, తన మొహం చూసుకోవడం. ఎక్కడ మెరుపుంటే అక్కడ కూర్చుంటుంది. అది కూర్చున్న చోట పచ్చనిదేదీ మిగలదు.

ముందుగా ముత్తెమ్మ పెరట్లోకి వెళ్ళింది. అక్కడ ఒక నల్లవంకాయ నెత్తిన టోపీతో నిలబడి ఉంది.

"దయచేయండి! దయచేయండి! ఈ వీధిలో నా అంత నిగనిగ ఎవరికీ లేదు," అంది వంకాయ.

మంచు దాని మీద కూర్చుంది. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. లేచేసరికి వంకాయ మెత్తగా ముద్దయి, టోపీ ఒక్కటే కాడకి వేలాడింది.

"మరీ నల్లగా ఉంది. నా తెలుపు సరిగ్గా కనబడలేదు," అని మంచు పెదవి విరిచింది. అంతలో దడి మీదుగా గుమ్మడికాయ కంటబడింది. "ఓలమ్మో! ఎంత అద్దమో! పొద్దు పొడుస్తోంది, ఇవాళ తీరిక లేదు. రేపు వస్తాను. నీ మీద తీరిగ్గా కూర్చుంటాను!"

గుమ్మడికాయ తొడిమ దాకా వణికింది.

ఎండ వచ్చీ రాగానే కేకలు మొదలెట్టింది. "చిట్టందొరా! ముత్తెమ్మత్తా! మంచు రేపు నా మీద కూర్చుంటానంది! పందిరి మీద గడ్డి కప్పండి! పక్కన నెగడు వేయండి!"

చిట్టందొర నెగడు దగ్గర కందికాయ వలుచుకుంటున్నాడు. "ఈ చలిలోనా? ఈ నెగడు ఇప్పుడే రాజుకుంది, కదిపితే ఆరిపోద్ది. నువ్వే ఎలాగోలా సర్దుకో," అన్నాడు.

ముత్తెమ్మ మాత్రం లేచి వచ్చింది. గుమ్మడికాయకి ప్రాణం లేచొచ్చింది.

"ఎలాగూ పోతున్నావు కదా," అంది ముత్తెమ్మ, "పోయేలోగా నా బొట్టు తిన్నగా ఉందో లేదో ఒక్కసారి చూపించవే."

చూసుకుంది. సవరించుకుంది. వెళ్ళిపోయింది.

గుమ్మడికాయ తన కింద ఉన్న బూడిద తట్ట వైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో, "కాసులమ్మా!" అంది.

కాసులమ్మ తెల్లారినప్పటినుంచీ పందిరి గుంజ వెనకే నిలబడి ఉంది. అయినా ఊరుకుంటుందా? "ఎవరో పిలిచినట్టుంది. సరిగ్గా వినబడలేదు," అంది.

"కాసులమ్మా! నాకు బూడిద పూయవే అమ్మా!"

"ఛీ! పొయ్యిలోంచి తీసి పారబోసేది నీ ఒంటికా?"

గుమ్మడికాయ భోరుమంది. కాసులమ్మ తట్టలోంచి గుప్పెడు బూడిద తీసి దాని మీద చల్లింది. జరజరా జారిపోయింది. మళ్ళీ చల్లింది. మళ్ళీ జారింది. ఎండెక్కి తడి ఆరిపోయింది, పైగా అది అద్దంలాంటి ఒళ్ళు. ఎలా నిలుస్తుంది? కాసులమ్మ గుండె జారింది.

అప్పుడు చూసింది. గుమ్మడి కన్నీళ్ళు కారిన చోట మాత్రం బూడిద గట్టిగా అంటుకుని ఉంది.

"ఏడువు!" అంది కాసులమ్మ. "ఆపకు, ఇంకా ఏడువు! వంకాయని తలుచుకుని ఏడువు. ముత్తెమ్మ బొట్టుని తలుచుకుని ఏడువు. చిట్టందొర మీసం తలుచుకుంటే నవ్వొస్తుంది, దాన్ని తలుచుకోకు!"

గుమ్మడికాయ తనివితీరా ఏడ్చింది. కాసులమ్మ ఆ తడి ఆరకముందే బూడిద మెత్తింది. తొడిమ నుంచి అడుగు దాకా వేలెడు చోటు కూడా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే మంచు ఉషారుగా వచ్చింది. పందిరి చుట్టూ తిరిగింది. "నిన్న ఇక్కడో సుందరి ఉండాలే! ఏదీ?"

"నాకేం తెలుసు బాబూ? నేను పొయ్యిలోంచి పారబోసిన సరుకుని," అంది గుమ్మడికాయ, మొహం తిప్పకుండా.

మంచు దగ్గరికొచ్చి చూసింది. మొహం కనబడలేదు. ఇంకా దగ్గరికి వంగింది. ముక్కులోకి బూడిద పోయింది. హాచ్! హాచ్! "థూ! ఇదేం ఊరు! ఒక్క అద్దం లేదు!" అని విసురుగా వెనక్కి తిరిగింది.

అంతలో దూరంగా నెగడు పక్కన ఏదో గుండ్రంగా, నున్నగా తళతళమంది. "ఆహా! ఇక్కడుందా!" అనుకుని మంచు గబగబా వెళ్ళి దాని మీద తీరిగ్గా కూర్చుంది.

అది వలిసె నూనె రాసుకున్న చిట్టందొర బోడిగుండు.

చిట్టందొర ఆ నెలంతా తుమ్ముతూనే ఉన్నాడు. ఒక్కో తుమ్ముకి మీసం ఒక్కో దిక్కు చూసేది. అదేదో గుమ్మడికాయలో చూసుకుని సరిచేసుకుందామంటే, కాయలో ఇప్పుడు ఏమీ కనబడదు!

చలి వెళ్ళిపోయింది. కాయ ముదిరింది. ఒకరోజు కాసులమ్మ కుండతో నీళ్ళు తెచ్చింది.

"గండం గడిచింది. బూడిద కడిగేస్తాను. మళ్ళీ అద్దంలా ఉందువుగాని. ఊరంతా నీ ముందు వరస కడుతుంది," అంది.

"వద్దమ్మా," అంది గుమ్మడికాయ. "వాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నారనుకున్నాను. వాళ్ళని వాళ్ళు చూసుకోడానికి వచ్చారు. నన్ను చూసింది నువ్వొక్కదానివే. ఈ బూడిద ఉండనీ. నా పిల్లలకీ ఇదే కావాలి."

కాసులమ్మ ఆ నీళ్ళు కాయ మీద కాకుండా పాదు మొదట్లో పోసింది.

కాయ కోస్తే కడుపునిండా గింజలు, గట్టిగా, తెల్లగా. కండ తురిమి మినప్పిండిలో కలిపి కాసులమ్మ వడియాలు పెట్టింది. అవి ఎండేలోపే చిట్టందొర వచ్చాడు. వెనక ముత్తెమ్మ, ఆమె వెనక ఊరు. అందరి చేతుల్లోనూ మెరిసే ఇత్తడి చెంబులు.

"తల్లీ, తలా నాలుగు గింజలు..." అని చిట్టందొర నసిగాడు. హాచ్!

"చెంబులు కింద పెట్టండి," అంది కాసులమ్మ. "ఆ రోజు చేతులెత్తారు కదా. ఇవాళ అవే చేతులు దోసిలి పట్టండి."

పట్టారు. పట్టక ఏం చేస్తారు? కాసులమ్మ ప్రతి దోసిట్లోనూ ముందు బూడిద నింపింది. ఆ బూడిద మధ్యలో గింజలు పెట్టింది. "బూడిద పారబోసినవాళ్ళు మళ్ళీ నా గడప తొక్కొద్దు," అంది. నవ్వేవాళ్ళు ఎవరూ కనబడలేదు.

అప్పటినుంచే బూడిద గుమ్మడికాయ ఇలా ఉంది. పిందెగా ఉన్నప్పుడు పచ్చగా నిగనిగలాడుతూ, తనంతటిది లేదన్నట్టు ఎగిరిపడుతుంది. ముదిరి, కడుపులో గింజ గట్టిపడేసరికి బుద్ధొచ్చి, ఎవరూ చల్లకుండానే ఒళ్ళంతా బూడిద పూసుకుంటుంది. అందుకే కోసిన కాయ నెలల తరబడి చెక్కుచెదరదు. వంకాయకి మాత్రం ఇప్పటికీ బుద్ధి రాలేదు. నిగనిగలాడుతూనే ఉంటుంది, గడ్డకట్టే చలిలో ముద్దయిపోతూనే ఉంటుంది.

కావాలంటే ముదురు బూడిద గుమ్మడిని వేలితో రాసి చూడండి. తెల్లగా అంటుకుంటుంది. అందులో మీ మొహం మాత్రం వెతక్కండి.