ఐదవ పోటీ

రత్నగిరి రాజ్యంలో, కర్రతో బంతిని కొట్టి దూరపు గుంటలో వేసే ఆటకు ఏటా నాలుగు మహాపోటీలు జరిగేవి. నాలుగూ రాజధానిలోనే. ఐదవది ఒకటి సముద్రతీరంలో జరిపించమని అడగడానికి బెస్త నూకయ్య కొలువుకు వచ్చాడు. కిందటేడు ఇదే మనవి చేసినవాణ్ణి మహామంత్రి చండవర్మ దేశం నుంచి వెళ్లగొట్టించాడు.

"తీరంలోనా?" మంత్రి వెటకారంగా నవ్వాడు. "జగజ్జేతలందరూ రాజధానివాళ్లే. చేపలు పట్టేవాళ్లకు మహాపోటీ ఒకటా!"

నూకయ్య చేతులు జోడించాడు. "చిత్తం దొరా. మీ జగజ్జేత ఒక్కసారి మా ఇసుకలో ఆడి మావాళ్లను ఓడిస్తే, ఈ మాట మళ్లీ ఎత్తం."

మహారాజుకు ముచ్చటేసింది. "బాగుంది! రేపే పంపిద్దాం."

మంత్రి ముఖం మాడిపోయింది. ఇప్పటి జగజ్జేత ఆయన సొంత అల్లుడు.

"ప్రభూ! అలవాటు లేని గాలి, ఎరుగని ఇసుక! పరాయి నేల మీద ఆడించి గెలుపోటములు తేల్చడం అన్యాయం!"

నూకయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఇప్పుడు మాట తూలితే తల దక్కదు.

"మా మనవిని మంత్రిగారు నాకంటే చక్కగా విన్నవించారు, ప్రభూ. ఆ అన్యాయం మావాళ్లకు ఏటా నాలుగుసార్లు జరుగుతోంది."

మహారాజు మంత్రివైపు తిరిగారు. "కొలువులో మంత్రి పలికిన న్యాయం అందరికీ వర్తించడం మన ఆచారం. ఐదవ పోటీ తీరంలోనే! మీ అల్లుణ్ణి గాలికి అలవాటు చేయించండి."

నూకయ్య సాష్టాంగపడి బయటికొచ్చాడు. కోట దాటాక అతనికి కొత్త దిగులు పట్టుకుంది. ఇక ఓడిపోతే చెప్పుకోవడానికి సాకు లేదు.