పోలినాయుడు అడిగిన దీక్ష

తవిటయ్య గురువుగారికి ఎంత బోధ చెప్పడం వచ్చినా, అడిగినదానికి తిన్నగా బదులు చెప్పడం మాత్రం రాదని శిష్యులు నవ్వుకునేవారు. ఆయన గృహస్థు. భార్య సూరమ్మ పక్కన లేనిదే బోధకు కూర్చునేవారు కాదు.

ఒక మధ్యాహ్నం పోలినాయుడు వచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. అరవై రెండేళ్లవాడు, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయినవాడు. పది నెలల కిందట ప్రోస్టేటు గ్రంథికి క్యాన్సరు వస్తే విశాఖపట్నంలో ఆపరేషను చేసి తీసేశారు. రోగం పోయింది. దాంతోపాటు మగతనమూ పోయిందని అతను తేల్చేసుకున్నాడు. నరాలు తేరుకోవడానికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చనీ, ఈలోగా మాత్రలున్నాయనీ, పంపులాంటి సాధనముందనీ, ఊరికే కూర్చుంటే లాభం లేదనీ డాక్టరు చెప్పాడు. పోలినాయుడు ఒక్కసారి ప్రయత్నించాడు. ఒళ్లు మాట వినలేదు. సిగ్గుతో కుంచించుకుపోయి, మర్నాడే మంచం వసారాలోకి మార్చి, గురువుగారి దగ్గర బ్రహ్మచర్య దీక్ష పుచ్చుకున్నానని భార్య గౌరమ్మతో అబద్ధం చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అతణ్ణి లోపల తొలిచేస్తోంది. ఇప్పుడు ఆ అబద్ధాన్ని నిజం చేసుకుందామని వచ్చాడు.

"గురువుగారూ, కోరిక పోవాలనే కదా మీరు చెప్తారు. నాకు పోయింది. దీక్ష ఇచ్చేయండి. పోయినందుకు మరి ఈ ఏడుపెందుకో, అదీ మీరే చెప్పండి."

"ముందు కాస్త ఆకువక్క దంచు నాయనా," అని గురువు గుప్పెడంత ఇత్తడి రోలు అతని ముందుకు తోశారు. ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు.

పోలినాయుడు కసిగా ఒక్క పోటు పొడిచాడు. వక్క ఎగిరి సూరమ్మ ఒళ్లో పడింది.

"కరెంటు స్తంభం పాతుతున్నావేటి బాబూ! మెల్లగా," అని ఆవిడ నవ్వింది. "మీ గురువుగారూ తక్కువోరు కాదు. పళ్లు రాలిపోగానే, ఆకువక్క మీద మమకారం వదిలేశాను సూరమ్మా, అన్నారు. మహా వైరాగ్యం! నాను నములుతూంటే చూపంతా నా నోటివేపే. శ్రీకూర్మం తీర్థంలో నానే కొన్నాను ఈ రోలు. వారం రోజులు ముట్టలేదు. ముసిలోళ్ల పనిముట్టంట."

"ముట్టాక?"

"ముట్టాక మాత్రం బాగుందేటి? మొదటి రోజు సున్నం ఎక్కువై నోరు పొక్కింది. రెండోరోజు వక్క నలగలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. అలా అలా కుదిరింది. పళ్లున్నప్పటి రుచి కాదు బాబూ. ఇది వేరే రుచి."

ఈలోగా పోలినాయుడు మెల్లగా దంచిన ఆకువక్కను గురువు ఏమీ ఎరగనట్టు రెండు ముద్దలు చేసి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టారు. తనకు పళ్లున్నా ఆవిడ ఆ నలిగినదే నోట్లో వేసుకుంది. ఇద్దరి పెదవులూ ఎర్రబడ్డాయి.

పోలినాయుడు చూపు తిప్పుకున్నాడు. గౌరమ్మ ఈమధ్య తలలో పూలు పెట్టుకుంటోందో లేదో అతనికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆమె వైపు సరిగా చూసి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు రాలేదు.

"మరి దీక్ష, గురువుగారూ?" అన్నాడు చివరికి.

"ఇస్తాను. కానీ ఇల్లాలు ఒప్పుకోందే గృహస్థుకు దీక్ష ఇవ్వడం మా గురువుల నాటినుంచీ లేదు. ఆవిణ్ణి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టు."

"ఆవిడెందుకండీ? పోయింది నాది కదా."

గురువు పైపంచెతో పెదవులు తుడుచుకున్నారు.

"నీది నువ్వు వదిలావు, సరే. ఆవిడది ఎవరు వదిలారు?"