పచ్చి కుండలో మజ్జిగ

కొత్తగా పని పెట్టుకునేవాళ్లకు ఖజానా నుంచి సాయం చేయమని రాజుగారు దివానుకు పురమాయించారు. కుండలు కాల్చే ఆవం కట్టుకోవాలని కుమ్మరి పైడమ్మ సాయమడిగింది.

"ముందు నువ్వు కాల్చిన కుండ పట్రా. గట్టిగా ఉంటే ఆవానికి డబ్బిస్తా," అన్నాడు దివాను.

"ఆవం లేకుండా ఎలా కాల్చను బాబూ?"

"పద్ధతంటే పద్ధతే!"

మర్నాడు పైడమ్మ కాల్చని పచ్చి కుండ నిండా మజ్జిగ పోసి, కొలువులో దివాను చేతికిచ్చింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నాణ్యం గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. అది పూర్తయ్యేలోపే కుండ నాని, అడుగూడి, మజ్జిగంతా పట్టుపంచె మీద పడింది. రాజుగారు పగలబడి నవ్వారు.

"ఏమిటే ఇది?" దివాను మండిపడ్డాడు.

"ఆవం లేని కుండ బాబూ. ఇంకోటి కూడా తెచ్చాను. పంచె మార్చుకుని రండి, అదీ చూద్దురుగాని."

దివాను పంచె మార్చుకోలేదు. తడి పంచెతోనే వెళ్లి ఖజానా తలుపు తీశాడు.