చుక్కల్లో రాజుగారి వీపు

అనగనగా ఒక ఊరు, ఊరికో రాజు. పేరు చండవిక్రముడు. పొద్దున లేచింది మొదలు అద్దంలో మొహం చూసుకోవడమే పని. ఊఁ కొట్టండర్రా, లేకపోతే ఇక్కడే ఆపేస్తాను!

ఆ రాజు చుక్కల పుస్తకం తయారు చేయిస్తున్నాడు. సిద్ధాంతిగారు ఆకాశం చూసి కాయితం మీద చుక్కలు పెడతాడు. ముసలి చిత్రకారుడు కొండయ్య వాటిని కలుపుతూ తేలూ, సింహం, వేటగాడూ, ఇలా బొమ్మలేస్తాడు. అచ్చం ముగ్గేసినట్టే. వేటగాడెందుకోయ్, అక్కడ నన్నే వెయ్యి, చేతిలో కత్తి కూడా పెట్టు, అన్నాడు రాజు.

కొండయ్య మీసాలేశాడు, కిరీటమేశాడు, కత్తేశాడు. రాజు చూసి గంతేశాడు. కత్తి ఎడంచేతిలో ఉంది! రేపు పొద్దున్నకల్లా అది కుడిచేతికి రాకపోతే నీ బొటనవేలు తీయించేస్తానన్నాడు.

కొండయ్య వెళ్ళి సిద్ధాంతి కాళ్ళావేళ్ళా పడ్డాడు, కత్తి చుక్కలు మూడూ కాస్త అటు జరపండి బాబూ అని. ఆయన ససేమిరా అన్నాడు. చుక్క జరిగితే పంచాంగం జరుగుతుంది, పంచాంగం జరిగితే ముహూర్తం జరుగుతుంది, ముహూర్తం జరిగితే పెళ్ళి జరుగుతుంది, పెళ్ళి జరిగితే పప్పన్నం జరుగుతుంది, నేనేం తినాలయ్యా అన్నాడు. తిండిపోతు చచ్చినోడు!

కొండయ్య ఇంటికొచ్చి కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. బొటనవేలు లేకపోతే కుంచె ఎలా పడతాడర్రా? నాకే కడుపు తరుక్కుపోతోంది. కోడలు నాంచారి పొయ్యి దగ్గర కూర కలుపుతోంది. అటు తిరిగే ఉండి, మావయ్యా, నా గరిటె మీకు ఏ పక్కన కనబడుతోంది అనడిగింది. కుడిపక్కన, అన్నాడు. ఇటు తిరిగింది. ఇప్పుడో? ఎడంపక్కన. చెయ్యి మారిందా? మారలేదు. అయితే రాజుగార్నీ అటు తిప్పెయ్యండి, అంది!

తిప్పేశాడు. చుక్క కదల్లేదు, కత్తి కదల్లేదు, కుడిచేతికి వచ్చేసింది.

పొద్దున్నే సభలో బొమ్మ విప్పారు. రాజుగారి వీపు, కింద ఇంత లావు పిర్రలు, నెత్తిన వెనకాల అణా కాసంత బట్టతల! ఊరంతా రోజూ చూసేదే, ఆయనొక్కడే ఎప్పుడూ చూసుకోలేదు. రాణి పమిట నోట్లో కుక్కుకుంది. నా మొహమేదీ అని రాజు అరిచాడు.

మావయ్య వెంట సభకొచ్చిన నాంచారి దండం పెట్టి చెప్పింది. మీ మొహం పైనున్న దేవుళ్ళకి చూపించాం మహారాజా. మాకేసి తిప్పమంటే తిప్పేస్తాం, అప్పుడు వీపు దేవుళ్ళు చూస్తారు. తిప్పమంటారా?

వద్దమ్మా వద్దు, అంటూ రాజు నెత్తి తడుముకున్నాడు. కొండయ్యకి బంగారు కడియం తొడిగి, పుస్తకంలో అందర్నీ అటే తిప్పెయ్యమన్నాడు. తన ఒక్కడి వీపే కనబడితే ఎంత నామర్దా!

ఎదటివాడు కదలనని భీష్మించుకుంటే మనమే కాస్త తిరగాలర్రా. ఒరేయ్ కాశీ, అటు తిరిగి పడుకో, వరాలుకి చోటుంటుంది. కథ కంచి దాటింది, మీరింకా కళ్ళు మూయరేం!