బిగించిన వల

సెమీఫైనల్ ఇంకా వారం ఉందనగా ముగ్గురు ఆటగాళ్లు టీసీలు కావాలంటూ కోచ్ ఓబులేసు దగ్గరికి వచ్చారు. ఈ ఏడు కాలేజీ జట్టు కొట్టిన ప్రతి నాలుగు గోల్స్‌లో మూడు వాళ్లవే. వాళ్లు పోతే జట్టు బలంలో మిగిలేది పావు వంతు.

జిల్లా కాలేజీల ఫుట్‌బాల్‌కి కొత్త రూల్స్ రాసే పని కమిటీ ఈ కుర్ర కోచ్‌కే అప్పజెప్పింది. ఓబులేసు రెండు రాశాడు. క్లాసులకు వచ్చేవాడే ఆడాలి. కాలేజీ మారినవాడు ఏడాదిపాటు ఆడకూడదు. ఫైనల్ అయిన మర్నాటి నుంచి అమలు. ఆ మాట కాస్తా బయటికి పొక్కింది.

"ఫైనల్ దాటితే ఏడాది గట్టున కూర్చోవాలంట గదా సార్. పోయేదేదో ఇప్పుడే పోతాం" అన్నాడు ముగ్గురిలో పెద్దవాడు జయసింహ.

ఓబులేసు ఉడికిపోతూ, తనకు ఆట నేర్పిన మస్తాన్ సార్ మైదానానికి వెళ్లాడు.

"ఏడాది చాలదు సార్. రెండేళ్లు పెడతా. రేపట్నుంచే అమలు. ఎట్లా పోతారో చూస్తా!"

ముసలాయన లుంగీ ఎగ్గట్టి కొత్త గోల్ వల చిక్కులు తీస్తున్నాడు.

"సరేగానీ, ఇది కట్టిపో రా. నాకు మోకాళ్లు వంగడంల్యా."

ఓబులేసు కోపమంతా నూలు తాళ్ల మీద చూపించాడు. లాగి లాగి ముడులేశాడు. వేలితో కొడితే వల డప్పులా మోగింది.

"ఎట్లుంది సార్? ఒక్క ముడత ల్యా."

"బాగుండాది. కొట్టు చూద్దాం."

కొట్టాడు. బంతి గీత దాటింది, వలకు తగిలింది, తగిలినంత జోరుగా వెనక్కి ఎగిరొచ్చి అతని కాళ్ల దగ్గరే ఆగింది.

"గోలేనా?"

"గోలే సార్!"

"మరి బంతి నీకాడికే వచ్చిందే?"

మస్తాన్ సార్ స్తంభాల జోలికి పోలేదు. వెనక తాళ్లు మాత్రం ఒక్కొక్కటే సడలించాడు. వల జోలెలా కిందికి దిగింది.

"కొట్టు."

ఈసారి ఇంకా గట్టిగా కొట్టాడు. వల బంతితోపాటు వెనక్కి సాగింది. బంతి జారి, అలా గడ్డిలో కూర్చుండిపోయింది.

ఓబులేసు దాన్ని చాలాసేపు చూశాడు. జేబులోంచి రూల్స్ కాగితం తీశాడు. మొదటిది ముట్టుకోలేదు. రెండోది కొట్టేసి ఇలా రాశాడు: సీజన్ అయ్యాక ఎవరైనా ఒకసారి కాలేజీ మారొచ్చు, వెంటనే ఆడొచ్చు.

కమిటీ ఒప్పుకుంది. ఆ కబురు చెప్పగానే జయసింహ తల గోక్కున్నాడు.

"అట్లయితే ఇప్పుడేం తొందర సార్? ఫైనల్ ఆడినాక చూసుకుంటాంలే."

"మరి టీసీలు?"

"ఏం టీసీలు సార్?"

ఓబులేసు వెంటనే మస్తాన్ సార్‌కి ఫోన్ చేశాడు.

"ముగ్గురూ ఉండిపోయినారు సార్!"

అవతల ముసలాయన వల సంగతి ఎత్తాడు.

"మబ్బు పట్టిందిరా. నూలు తాడు, తడిస్తే మళ్లీ బిగుసుకుంటాది. చూసుకుంటా ఉండు."