లెమ్మనని మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. మన రాజు కాదు పిల్లలూ, సముద్రాల అవతల ఉర్హోబో వాళ్ల రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశంలో పెద్దవాళ్లు కనబడితే చిన్నవాళ్లు మోకరిల్లి "మిగ్వో" అంటారు. పెద్దవాళ్లు "వ్రెండో" అనాలి, అంటే "లే నాయనా" అని. ఆ మాట వినేదాకా లేవకూడదు. లేస్తే కన్నవాళ్లకు తలవంపులు.

ఏడు నదుల అవతల బురద అడవిలో ఒక ముసలి మాంత్రికుడు ఉండేవాడు. ఎవరు మొక్కినా వాడు "వ్రెండో" అనడు. మొక్కినవాళ్లు అక్కడే వేళ్లు దిగి మడచెట్లయిపోయేవాళ్లు. వాడు ఓరోడే అనే పిల్లను ఎత్తుకుపోయి మడచెట్టును చేస్తే, విడిపిస్తానని పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. ఇక మూడోవాడు ఒచుకో పడవెక్కాడు.

"తండ్రీ, వాడికి మాత్రం మొక్కకురా," అని తల్లి ఏడ్చింది.

"మొక్కనమ్మా," అన్నాడు ఒచుకో.

ఒక నది దాటాడు, రెండో నది దాటాడు, ఏడో నదీ దాటాడు. ఒడ్డున వలలో చిక్కిన పీతను విడిపించి, తన కర్రపెండలం ముద్దలో సగం పెట్టాడు.

"వాడి ప్రాణం పంజరంలోని బూడిదరంగు చిలుకలో ఉంది," అని పీత గుసగుసలాడింది. "ముట్టుకుంటే మసైపోతావు. అది ఒక ముసలమ్మ ఇంట్లో పెరిగిన చిలుక. పాపం, అక్కడ పిల్లలు ఆటకి దానిక్కూడా మొక్కేవాళ్లు."

అడవిలో చెట్లన్నీ మూలుగుతున్నాయి. "తమ్ముడూ, పారిపో!" అంది ఒక చెట్టు. పెద్దన్న గొంతే! అంతలో మాంత్రికుడు ఎదుట నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, చేతికర్ర. అమ్మ మాట గుర్తుంది గానీ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వంగిన మోకాళ్లు కదా, వాటంతటవే వంగిపోయాయి.

వాడు నవ్వాడు, పెదవి విప్పలేదు. బురదలోంచి చల్లటి వేళ్లు పాకి మోకాళ్లు పట్టాయి, నడుము పట్టాయి, మెడ పట్టాయి. ఒచుకో పళ్లు టకటకలాడాయి. అప్పుడు మాంత్రికుడి వెనక కొమ్మకు వేలాడుతున్న పంజరం కనబడింది. ఇన్నాళ్లూ అందరూ వాడికే మొక్కారు, చిలుక వైపు చూసినవాళ్లే లేరు.

మెడ అటు తిప్పి, "మిగ్వో, తాతా!" అన్నాడు.

చిలుక తల వాల్చి చూసింది. పాత అలవాటు ఊరికే పోతుందా?

"వ్రెండో! వ్రెండో!"

వాడి ప్రాణమే లెమ్మంటే వాడెట్లా కాదంటాడు? వేళ్లన్నీ పుటుక్కున తెగాయి. అన్నలు లేచారు, ఓరోడే లేచింది, అడవికి అడవే లేచి నిలబడింది. బలమంతా పోయి ఇప్పుడు మాంత్రికుడి మోకాళ్లే వంగాయి.

"మిగ్వో," అన్నాడు వాడు.

ఒక్కరూ పలకలేదు. వాడక్కడే మడచెట్టయ్యాడు.

ఒచుకో ఓరోడేను పెళ్లాడాడు. అన్నలే అతనికి కిరీటం పెట్టారు. చాలా ఏళ్లు చల్లగా ఏలాడు. కానీ ఆ వేళ్ల చలి మెడ మీంచి పోనేలేదు. అందుకే తన ముందు ఎవరు మోకరిల్లబోయినా, మోకాలు నేలకు తగలకముందే "వ్రెండో" అనేసేవాడట.